చిన్నీ, అక్కా బావగారితో వెళ్ళేటప్పుడు రద్దీ బీచే మంచిది

చిన్నీ,

కాలిఫోర్నియా తీరంలో ఏ బీచ్‌లో క్యాంప్ చెయ్యాలి, కార్పింటీరియానా హలామానా అని అడిగావు కదా, నీకు హలామా మీద మనసుందని నువ్వు రాసిన తీరులోనే తెలిసిపోతోంది, జనం లేని బీచ్, ఫోన్ మోగదు, హాయిగా ఉంటుంది అని. అల్లుడుగారూ నువ్వూ ఇద్దరే అయితే నేనూ కళ్ళు మూసుకుని వెళ్ళమనేవాణ్ణి. కానీ ఈసారి ఆర్వీలో, అంటే ఆ ఇల్లులాంటి బండిలో, ఆరుగురు, అందులో మా అక్క మోకాళ్ళు, నిద్రలో ఊపిరి సాఫీగా ఆడటానికి బావగారు పెట్టుకునే సీపాప్ మెషీను, ఇద్దరు పిల్లలు, పైగా మీరెవరూ ఇంతకుముందు ఆర్వీ నడిపింది లేదు. అందుకని ఈసారికి కార్పింటీరియానే అంటాను.

ముందు ఈ సందడి, ప్రశాంతం అనే మాట సంగతి చెప్తా. కార్పింటీరియా స్టేట్ బీచ్ పక్కనే రైలు పట్టాలుంటాయి, ఊరికీ క్యాంప్‌గ్రౌండ్‌కీ మధ్యలోంచి పోతాయి, ఆమ్‌ట్రాక్ రైలు కూత బాగా వినిపిస్తుంది, శనివారం అయితే పిల్లల సైకిళ్ళూ పక్క సైట్‌లో, అంటే పక్కన బండి పెట్టుకున్న చోట, వాళ్ళ బార్బెక్యూ పొగా, సంక్రాంతి ముందురోజు బస్టాండ్ లాగే ఉంటుంది. అది నిజమే. మరి హలామాలో చప్పుడు ఉండదా అంటే ఉంటుంది, గాలి చప్పుడు. పాయింట్ కన్సెప్షన్ దగ్గర తీరం మలుపు తిరుగుతుంది, గాలి అక్కడ మామూలుగా ఉండదు, మధ్యాహ్నం మొదలైందంటే ఆర్వీ అటూ ఇటూ ఊగుతుంది, ఆనింగ్, అదే బండి పక్కన నీడకి లాగే గుడ్డ పందిరి, తెరిచి పెట్టి బయటికి పోతే విరిగి చేతికొస్తుంది, దానికి రెంటల్ వాళ్ళు వేసే బిల్లు చూస్తే కళ్ళు తిరుగుతాయి. రైలు కూత నిమిషంలో పోతుంది, గాలి పోదు. మా అక్కకి కొత్త చోట అసలే నిద్ర పట్టదు, దానికి తోడు మంచం ఊగితే తెల్లారేదాకా కూర్చునే ఉంటుంది.

ఇంకోటి కరెంటు. ఇది అందరూ తేలిగ్గా తీసుకుంటారు. కాలిఫోర్నియా స్టేట్ పార్కుల్లో జెనరేటర్ పొద్దున 10 నుంచి రాత్రి 8 వరకే వెయ్యనిస్తారు. ఆ తర్వాత హుకప్, అంటే సైట్ దగ్గరే కరెంటు కనెక్షన్, లేకపోతే మైక్రోవేవ్ లేదు, ఇండక్షన్ స్టవ్ లేదు, ఉన్నదల్లా బ్యాటరీయే. బావగారి మెషీన్ రాత్రంతా నడవాలి, హ్యుమిడిఫయర్ వేస్తే ఇంకా ఎక్కువ లాగుతుంది, పొద్దుటికి బ్యాటరీ దిగిపోతే వాటర్ పంపు కూడా పనిచెయ్యదు. కాబట్టి బుక్ చేసేటప్పుడు సముద్రం కనిపిస్తుందా లేదా అని కాకుండా ముందు హుకప్ ఉన్న సైటా కాదా చూడు. కార్పింటీరియాలో కొన్ని సైట్లకే ఉంది, హలామాలో కూడా కొన్నిటికే, అవే ముందు అయిపోతాయి. సముద్రానికి ఎదురుగా ఉండే వరస ఫొటోల్లో బావుంటుంది గానీ నాలుగడుగులు వేస్తే వచ్చే సముద్రం కోసం కరెంటు వదులుకోవడం నాకు నచ్చదు.

ఆర్వీ పొడవు కూడా చూసుకోవాలి, ప్రతి సైట్‌కీ లిమిట్ రాసి ఉంటుంది, 25 అడుగుల సైట్‌లోకి 28 అడుగుల బండి తీసుకెళ్తే ఏదోలా పట్టించొచ్చులే అని అల్లుడుగారు అంటాడు, రేంజర్ ఒప్పుకోడు. రెస్ట్‌రూమ్‌కి మరీ ఆనుకుని ఉన్న సైట్ వద్దు, రాత్రంతా తలుపు చప్పుడూ లైటూ. అలాగని మూల సైట్ తీసుకుంటే అక్క అర్ధరాత్రి అంత దూరం నడవలేదు. నాలుగైదు సైట్ల అవతల ఉంటే సరిగ్గా ఉంటుంది, శాటిలైట్ మ్యాప్ పెట్టుకుని లెక్కేసుకో. బండిలో టాయిలెట్ ఉందిగా అంటావేమో, ఆరుగురు వాడితే ఆ ట్యాంక్ ఎంత త్వరగా నిండుతుందో ఒక్కరోజులో తెలుస్తుంది. గ్రే ట్యాంక్, అదే గిన్నెలు కడిగిన నీళ్ళూ స్నానాల నీళ్ళూ పోయేది, దానికన్నా ముందు నిండుతుంది, మనవాళ్ళ వంట సంగతి తెలుసుగా, బియ్యం కడగాలి, పప్పు కడగాలి, గిన్నెలు తోమాలి, అక్క కుళాయి విప్పిందంటే కట్టదు. రెంటల్ బళ్ళలో చాలావాటికి ట్యాంక్ 30 గ్యాలన్లు అటూ ఇటూ ఉంటుంది, అంతే. ఇక పోపు పెట్టేటప్పుడు వెంట్ ఫ్యాన్ వేసి కిటికీ తెరవమని చెప్పు, ఎండుమిర్చి ఘాటుకి స్మోక్ అలారం మోగిందంటే పిల్లలు హడలిపోతారు.

కార్పింటీరియాలో నాకు బాగా నచ్చేది ఏంటంటే బండి కదపక్కర్లేదు. లిండెన్ అవెన్యూ నేరుగా బీచ్ దాకా వస్తుంది, పెరుగు అయిపోయిందన్నా, పిల్లాడికి జ్వరం మందు కావాలన్నా నడిచి వెళ్ళి తెచ్చుకోవచ్చు. ఆర్వీ ఒకసారి లెవెల్ చేసి, అంటే వాలకుండా సమంగా నిలబెట్టి, కేబుల్ గుచ్చాక మళ్ళీ అన్నీ విప్పి బయల్దేరడం ఎంత చిరాకో మీకే తెలుస్తుంది. హలామాకి అయితే లాంపాక్ దగ్గర హైవే 1 దిగి 14 మైళ్ళు సన్నటి మెలికల రోడ్డు, అక్కడున్నది ఒక్క స్టోర్, వాళ్ళ బర్గర్‌కి పేరుంది గానీ బావగారు ఏం తింటారు? ఫోన్ సిగ్నల్ దాదాపు ఉండదు. దగ్గర్లోని వాండెన్‌బర్గ్ సైనిక స్థావరంలో రాకెట్ లాంచ్ ఉంటే ఒక్కోసారి పార్క్ ఖాళీ చేయిస్తారు, అదీ చూసుకోవాలి. అలలు కూడా పిల్లలు దిగే రకం కాదు, సర్ఫర్లకే అవి. కార్పింటీరియా వాళ్ళు తమది ప్రపంచంలోనే సేఫ్ బీచ్ అని చెప్పుకుంటారు, ఆ మాట కాస్త ఎక్కువే గానీ అలలు మాత్రం నిజంగానే నెమ్మదిగా ఉంటాయి.

అక్కడ ఒక చికాకు ఉంది, ముందే చెప్తున్నా. నేలలోంచి సహజంగా తారు ఊరుతుంది, ఇసకలో నల్లటి ముద్దలు ముద్దలుగా ఉంటుంది. ఒకప్పుడు చుమాష్ తెగవాళ్ళు ఆ తారుతోనే పడవల సందులు పూసేవాళ్ళు, 1769లో వచ్చిన స్పెయిన్ సైనికులు ఆ పడవల పని చూసే ఊరికి కార్పింటీరియా, అంటే వడ్రంగి దుకాణం, అని పేరు పెట్టారు, పిల్లలకి చెప్తే బావుంటుంది. కానీ ఆ కాళ్ళతో ఆర్వీ ఎక్కితే కార్పెట్ గతి అంతే. సబ్బుతో పోదు. మెట్టు దగ్గర ఒక పాత టవలూ చిన్న కొబ్బరినూనె సీసా పెట్టుకో, నూనె రాసి కాసేపు ఉంచి తుడిస్తే వచ్చేస్తుంది, తర్వాత సబ్బు.

రద్దీ అంటే భయమైతే చోటు మార్చకు, రోజు మార్చు. లేబర్ డే, అదే సెప్టెంబర్ మొదటి సోమవారం, అయ్యాక మంగళ, బుధ, గురువారాలు వెళ్ళావంటే అదే కార్పింటీరియా సగం ఖాళీగా కనిపిస్తుంది, పిల్లలకి రెండ్రోజులు స్కూల్ పోతే కొంపేం మునగదు. పైగా మే, జూన్‌లలో ఈ తీరమంతా మధ్యాహ్నం దాకా పొగమంచు పట్టి ఉంటుంది, సెప్టెంబర్, అక్టోబర్‌లలోనే అసలైన ఎండ. అక్కావాళ్ళు అప్పటికి ఇక్కడే ఉంటారుగా.

ఫ్రీమాంట్ నుంచి 300 మైళ్ళ పైనే, హైవే 101 మీదే వెళ్ళండి. బిగ్ సర్ మీదుగా అందాలు చూస్తూ వెళ్దామని అల్లుడుగారు అంటాడు, మొదటిసారి ఆర్వీ పట్టుకున్నవాడికి ఆ రోడ్డు వద్దు, కొండ విరిగిపడి మూసేయడం కూడా అక్కడ మామూలే. చెక్ ఇన్ రెండింటికి, పొద్దున్నే ఆరింటికల్లా బయల్దేరితే చీకటి పడకముందే బండి పెట్టుకోవచ్చు, చీకట్లో మాత్రం వెనక్కి పెట్టొద్దు. అక్క ఎలాగూ మాలిబు వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్దామంటుంది, గంట పైచిలుకు దూరం, దానికి రెంటల్ కారు తీసుకోండి, ఆర్వీ కదపొద్దు.

హలామా ఎక్కడికీ పోదు, అక్కావాళ్ళు వెళ్ళాక మీ నలుగురే ఒకసారి వెళ్ళండి, అప్పటికి ట్యాంకులూ బ్యాటరీ అన్నీ చేతికి అలవాటవుతాయి.

స్టేట్ పార్క్ బుకింగ్ ఆరు నెలల ముందు పొద్దున 8 గంటలకి తెరుచుకుంటుంది, వీకెండ్ అయితే నిమిషాల్లో అయిపోతుంది, వీక్‌డే కాబట్టి నీకు కాస్త ఊపిరాడుతుంది. దొరక్కపోతే క్యాన్సిలేషన్లు చూస్తూ ఉండు, ట్రిప్ దగ్గర పడేకొద్దీ వదిలేసేవాళ్ళు ఉంటూనే ఉంటారు. డేట్లు ఖాయం అవగానే మెసేజ్ పెట్టు, లెవెలింగ్ బ్లాకులూ 30 ఆంప్ ఎక్స్‌టెన్షన్ కేబులూ మా గరాజ్‌లో ఉన్నాయి, కొనొద్దు, వచ్చి పట్టుకెళ్ళు.

మీ మావయ్య