రీల్‌లో చెప్పిన మందు చెరువులో వేయొచ్చా?

ప్రశ్న: భీమవరం దగ్గర నాకు నాలుగెకరాల వెనామీ రొయ్యల చెరువు ఉందండి. ఇన్‌స్టాలో ఆక్వా వీడియోలు చేసే ఒకాయనకి లక్షల్లో ఫాలోవర్లు. ఈమధ్య ప్రతి రీల్‌లోనూ ఒకే ప్రోబయోటిక్ (చెరువులో వేసే, మేలుచేసే సూక్ష్మజీవుల మందు) పేరు చెబుతున్నారు. డబ్బులు తీసుకుని చెబుతున్నారా, నిజంగా వాడి చెబుతున్నారా? ఎలా తెలుస్తుందండి?

జవాబు: ముందు రీల్‌లో ఆయన ఖాతా పేరు దగ్గర ‘పెయిడ్ పార్ట్‌నర్‌షిప్’ అని ఉందేమో చూడండి. యూట్యూబ్‌లో అయితే వీడియో మొదట్లో ‘ఇన్‌క్లూడ్స్ పెయిడ్ ప్రమోషన్’ అని కాసేపు కనిపిస్తుంది. అవి లేకపోతే డబ్బులు తీసుకోలేదని నమ్మేయకండి. ఆ గుర్తు పెట్టాల్సింది వీడియో చేసినవాళ్లే, చాలామంది పెట్టరు. అందుకే డిస్కౌంట్ కోడ్ ఇచ్చారేమో వెతకండి. కోడ్‌లో ఆయన పేరే ఉంటే, అమ్మకంలో ఆయనకూ కమీషన్ ఉందనే అనుమానించాలి.

కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ (సీసీపీఏ) తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద 2022 జూన్‌లో మార్గదర్శకాలు తెచ్చింది. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇన్‌ఫ్లుయెన్సర్ల కోసం విడిగా సూచనలు ఇచ్చింది. వాటి ప్రకారం ప్రచారమన్న సంగతి వీడియోలోనే, మాటల్లోనూ తెరమీదా, వీడియో ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే చెప్పాలి. మన యాసలో చక్కగా నమ్మించి, చివర హ్యాష్‌ట్యాగుల గుంపులో ఇంగ్లిష్‌లో ‘యాడ్’ అని దాచేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అప్పు తెచ్చి సీడు (రొయ్య పిల్లలు) వదిలిన రైతుతో ఆడే ఆట కాదది. తప్పుదోవ పట్టించే ప్రచారమని తేలితే 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేయొచ్చు. ఏడాది వరకు ప్రచారాలే చేయకుండా ఆపొచ్చు కూడా. ఫిర్యాదు చేయాలంటే రీల్ తీసేయకముందే స్క్రీన్ రికార్డింగ్ చేసుకుని, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.

ఇంకో మాట. ఏమేం కలిపారో ప్యాకెట్‌పై రాయని సరుకును ఎవరు చెప్పినా కొనొద్దు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యురాన్ల లాంటి నిషేధిత యాంటీబయాటిక్స్ ఆనవాళ్లు దొరికితే రొయ్యను ఎగుమతికి తీసుకోరు. ఆ నష్టం రీల్ చేసినాయన భరించరు. ముందు ల్యాబ్‌లో నీళ్లు చూపించండి.

ప్రశ్న: మా కోడలు ఆత్రేయపురంలో పూతరేకుల వీడియోలు పెడుతుందండి. ఫాలోవర్లు ఎనిమిది వేలే. ఒక కంపెనీ ఊరికే మిక్సీ పంపింది. వీడియోలో చూపిస్తే చిక్కేమైనా ఉందా?

జవాబు: నిరభ్యంతరంగా చూపించొచ్చు. ఊరికే ఇచ్చిన వస్తువైనా ఆ సంగతి చెప్పి తీరాలి, అంతే. ఇంతమంది ఫాలోవర్లు ఉంటేనే అన్న లెక్క పైన చెప్పిన ఇన్‌ఫ్లుయెన్సర్ల సూచనల్లో లేదు. ‘ఈ మిక్సీ కంపెనీవాళ్లు ఉచితంగా పంపారు’ అని మొదట్లోనే తెలుగులో చెప్పి, తెరమీద కూడా వేయమనండి. వాడి చూడని వస్తువును మెచ్చుకోకూడదన్న నియమమూ ఉంది కాబట్టి, మిక్సీలో నాలుగు రోజులు పిండి ఆడాకే వీడియో చేయమనండి. పోస్ట్ చేసేటప్పుడు ‘పెయిడ్ పార్ట్‌నర్‌షిప్ లేబుల్’ ఆన్ చేస్తే సరి.