మాక్స్ కనెక్షన్స్ 500 చేసే ముందు ఒక్కసారి ఇది చూడండి

సాయంత్రం ఆర్డర్లు పెరిగేసరికి పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ "సారీ, టూ మెనీ క్లయింట్స్ ఆల్రెడీ" అని సైట్ పడుకుంటోంది, మాక్స్ కనెక్షన్స్ (ఒకేసారి ఎన్ని కనెక్షన్లు ఉండొచ్చో చెప్పే పరిమితి) 100 నుంచి 500 చేసేస్తే సరిపోతుందా అని అడిగారు కదా. సరిపోదండి. నేను అచ్చం ఆ పనే చేసి దెబ్బతిన్నాను.

మాది భీమవరం. రొయ్యల రేట్లు చూపించే చిన్న సైట్ నడుపుతున్నాం. పొద్దున్నే 30 కౌంట్ (కిలోకి 30 రొయ్యలు) ఎంత, 100 కౌంట్ ఎంత అని మార్చామంటే చాలు, ఉండి, ఆకివీడు, కాళ్ల వైపు చెరువుగట్ల మీదున్న వాళ్లంతా ఒకే అయిదు నిమిషాల్లో వచ్చిపడతారు. వందల్లో ఉన్నన్నాళ్లూ బాగానే నడిచింది. పట్టుబడుల సీజన్లో వేలల్లోకి వెళ్లాక, ఒకరోజు రేటు పడిపోతోందని పుకారు లేచింది, సైట్ చచ్చింది. మా మావయ్య ఫోన్ చేసి, "ఒరేయ్, రేటూ పడింది, మీ సైటూ పడింది, ఏజెంటు ఎంతంటే అంతకి ఇచ్చేయమంటావా?" అన్నాడు.

ఆ టెన్షన్లో 100ని 400 చేసి రీస్టార్ట్ కొట్టాను (రీస్టార్ట్ లేకుండా అది మారదు), పనిలో పనిగా యాప్ సర్వర్లు 4 ఉంటే 8 చేశాను. ఎర్రర్ పోయింది, కానీ పేజీ తెరుచుకోవడానికి అంతకుముందు కన్నా ఎక్కువ టైమ్ పట్టింది. ఎందుకంటే పోస్ట్‌గ్రెస్‌లో ఒక్కో కనెక్షన్‌కి ఒక్కో ప్రాసెస్ (విడిగా నడిచే ప్రోగ్రామ్) లేస్తుంది. మా డేటాబేస్ మిషన్‌కి ఉన్నవి 4 కోర్లు. మేం ఎప్పుడూ వేయని లెక్క ఏమిటంటే, సర్వర్‌కి 8 గునికార్న్ (మా పైథాన్ యాప్‌ని నడిపే ప్రోగ్రామ్) వర్కర్లు, వర్కర్‌కి 4 థ్రెడ్లు, యాప్ రాసిన జాంగోలో కనెక్షన్ మూయకుండా అట్టేపెట్టే సెట్టింగ్ పెట్టుకున్నాం కాబట్టి థ్రెడ్‌కి ఒక కనెక్షన్. 4 సర్వర్లకే 128. డిఫాల్ట్ 100లో 3 సూపర్‌యూజర్‌కి (అడ్మిన్‌కి) పోగా మిగిలేవి 97, ఇక ఎర్రర్ రాక ఏం చేస్తుంది? 8 సర్వర్లకి 256 అయ్యాయి, నాలుగు కోర్ల దగ్గర తోపులాట. మీరు కూడా ముందు ఈ గుణకారం చేయండి.

ఆ రాత్రి కూర్చుని పీజీ స్టాట్ యాక్టివిటీ (ఏ కనెక్షన్ ఏం చేస్తోందో పోస్ట్‌గ్రెస్ చూపించే పట్టిక) చూస్తే మతిపోయింది. యాక్టివ్‌గా ఉన్నవి ఏడో ఎనిమిదో, మిగతా వాటిలో సగానికి పైగా "ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్"! అంటే ట్రాన్సాక్షన్ (కలిపి ఒక్కసారే ఖాయం చేసే పనుల గుంపు) తెరిచి ఊరికే కూర్చున్నవి. వాటికి పనే లేదు, కనెక్షన్లు మాత్రం ఖాళీ లేవు. ఆరా తీస్తే, రేటు అలర్ట్ పెట్టుకునే పేజీలో డేటాబేస్‌లో ఒక వరస (రో) రాసి, అదే ట్రాన్సాక్షన్ తెరిచి ఉండగానే ఎస్సెమ్మెస్ పంపుతున్నాం. అటామిక్ రిక్వెస్ట్స్ (ఒక్కో రిక్వెస్ట్ మొత్తాన్నీ ఒకే ట్రాన్సాక్షన్‌లో నడిపే జాంగో సెట్టింగ్) ఆన్ చేసి మర్చిపోయింది నేనే. రద్దీలో ఆ ఎస్సెమ్మెస్ వాళ్లు జవాబివ్వడానికి అయిదారు సెకన్లు తీసుకుంటుంటే, అంతసేపూ ఒక కనెక్షన్ గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంది. నరసాపురం రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కి, అవతల సఖినేటిపల్లి వచ్చినా దిగకుండా ఫోన్ మాట్లాడుకుంటూ నిలబడితే ఎలా ఉంటుందో అలాగన్నమాట. ఎన్ని పంట్లు వేసినా రేవులో జనం తగ్గరు.

ఎస్సెమ్మెస్‌ని కమిట్ అయ్యాక (ట్రాన్సాక్షన్ ముగిశాక) క్యూలోకి తోసేశాం. అలా ఊరికే తెరిచి ఉన్న ట్రాన్సాక్షన్ 10 సెకన్లు దాటితే తెంపేసేలా టైమవుట్ పెట్టాం. తర్వాతే పీజీబౌన్సర్ (యాప్‌కీ డేటాబేస్‌కీ మధ్య నిలబడి కొద్ది కనెక్షన్లనే అందరికీ పంచే ప్రోగ్రామ్) పెట్టాం, ట్రాన్సాక్షన్ మోడ్‌లో (ట్రాన్సాక్షన్ అవగానే కనెక్షన్ ఇంకొకరికి ఇచ్చేసేలా), పూల్ సైజ్ 20తో (డేటాబేస్ వైపు 20 కనెక్షన్లు). అవును, ఇరవయ్యే. అన్ని థ్రెడ్లూ ఆ ఇరవైని వంతులవారీగా వాడుకుంటాయి, మాకు ఎక్కడా చాలలేదు అనిపించలేదు. అయితే దాని మాక్స్ క్లయింట్ కనెక్షన్ కూడా డిఫాల్ట్‌గా 100 అని చూసుకోక, మొదటిరోజు అదే గొడవ కొత్త ఎర్రర్‌తో మళ్లీ పడ్డాం. మీరు ముందే 1000 పెట్టుకోండి. ఇంకోటి, ఈ మోడ్‌లో సెషన్‌కి (ఒకే కనెక్షన్‌కి) కట్టి ఉండేవి, అంటే లిజన్ (డేటాబేస్ పంపే కబుర్లు వినే కమాండ్), సెషన్ లాక్‌లు లాంటివి పనిచేయవు. ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లు (ముందే సిద్ధం చేసి మళ్లీ మళ్లీ వాడే క్వెరీలు) కావాలంటే పీజీబౌన్సర్ 1.21 లేదా ఆ తర్వాతి వెర్షన్ ఉండాలి. జాంగో అయితే సర్వర్ సైడ్ కర్సర్లు (ఫలితాలని కొద్దికొద్దిగా తెచ్చుకునే పద్ధతి) ఆపేయాలి. మైగ్రేషన్లు (పట్టికల రూపం మార్చే పనులు) మాత్రం పీజీబౌన్సర్ పోర్ట్ 6432 కాకుండా నేరుగా పోస్ట్‌గ్రెస్ పోర్ట్ 5432 మీదే నడుపుతాం.

మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ వాడేవాళ్లకి మాక్స్ కనెక్షన్స్ డిఫాల్ట్ 151, అక్కడ ప్రాసెస్ బదులు థ్రెడ్, మిగతా లెక్కంతా ఇదే.

నిజం చెప్పాలంటే వీటన్నిటికన్నా ఎక్కువ కలిసొచ్చింది వేరే ఉంది. రేట్ల పేజీ అందరికీ ఒకటే, పొద్దున మార్చాక మళ్లీ మారదు. దానికోసం వేలమంది తలో క్వెరీ కొట్టడం ఏమిటి? రెడిస్‌లో (మెమరీలోనే డేటా దాచుకునే స్టోర్) 30 సెకన్ల క్యాష్ పెట్టేశాం, ఆ పేజీ డేటాబేస్ గడప తొక్కడం దాదాపు మానేసింది. సర్వర్లు మళ్లీ నాలుగుకి దించేశాం.

మీరు సాయంత్రం రద్దీలోనే ఆ స్టాట్ యాక్టివిటీని స్టేట్ వారీగా లెక్కపెట్టి ఇక్కడ పెట్టండి. యాక్టివ్‌లే నిండుగా ఉంటే మీది కనెక్షన్ల గొడవ కాదు, బహుశా ఏదో క్వెరీకి ఇండెక్స్ (వరసలని త్వరగా వెతికిపెట్టే సూచిక) లేకపోయి ఉండొచ్చు, దాని సంగతి చూద్దాం.