సంతకాల దగ్గర మొహమాటపడకు

బిడ్డా,

ఆఫీసు ద్వారా తీసుకున్న కారు లీజు గడువు అయిపోతోందని, నువ్వు నడుపుతున్న ఆ కారునే కొనుక్కోబోతున్నావని అక్క ఫోనులో చెప్పింది. మన ఇంట్లో సొంత సంపాదనతో కారు కొంటున్న మొదటి ఆడపిల్లవు నువ్వే. దేవరకొండ బస్టాండులో టీ తాగేవాళ్లందరికీ ఆ సంగతి చెప్పేశాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

బండి గురించి నాకు బెంగ లేదు. మొదటి రోజు నుంచీ నడిపింది నువ్వే. ఏ గుంతలో పడిందో, ఏ సర్వీసు ఎగ్గొట్టావో నీకు తెలుసు. వాళ్లు చెప్పిన ధరను, అదే ఏడాది అదే మోడలు బయట పలుకుతున్న ధరను పక్కపక్కన పెట్టి చూసుకో. టైరు పక్కగోడ మీద నాలుగు అంకెలు ఉంటాయి. 3221 అని ఉంటే 2021లో 32వ వారంలో తయారైందని. కారుతో వచ్చిన టైర్లే ఇంకా ఉంటే కొత్తవాటి ఖర్చు కూడా లెక్కలో వేసుకో. ఆర్టీసీ డిపోలో గ్రీజు చేతులతో బతికినవాణ్ని, టైరు మాట ఎత్తకుండా ఉండలేను.

నా భయమంతా కాగితాల మీదే. మీ నాన్న జీపు సంగతి నీకు ఎవరూ చెప్పి ఉండరు. నువ్వు అప్పటికి పుట్టలేదు. మిర్యాలగూడ వైపు ఒక కాంట్రాక్టరు కంపెనీలో బావ జీపు నడిపేవాడు. పని ముగిశాక, మిగిలిన సొమ్ము కట్టి బండి నువ్వే తీసుకో అన్నారు. అచ్చం నీ బేరమే. రెండెకరాల చెలక తాకట్టు పెట్టి కట్టాడు. మేనేజరు తాళాలు, ఆర్సీ చేతిలో పెట్టి, పేరు మార్పు కాగితాల మీద పెద్దాయన సంతకాలు వచ్చే వారం హైదరాబాదు నుంచి వస్తాయన్నాడు. ఆ వారం రానే లేదు. వెళ్లి అడుగు బావా అంటే, "ఇన్నాళ్లు అన్నం పెట్టినవాళ్లను సంతకం ఏదని ఎట్లా నిలదీస్తాం?" అనేవాడు. ఇంజను చప్పుడులో చిన్న తేడా వస్తే పడుకోనిచ్చేవాడు కాదు, కాగితం అడగాలంటే మాత్రం సిగ్గు.

ఆ వానాకాలం కొండమల్లేపల్లి దాటాక జీపు చింతచెట్టును గుద్దింది. దేవుడి దయ, బావకు చెయ్యి విరగడంతో పోయింది. బీమావాళ్లు వచ్చి పాలసీ ఎవరి పేరున ఉందని అడిగారు. కంపెనీ పేరున. కంపెనీకి పోతే పాత మేనేజరు లేడు, కొత్తాయన మా లెక్కల్లో ఈ జీపు ఇంకా మాదే అన్నాడు. బీమా సొమ్ము బావకు రాలేదు, జీపును పేరు మార్చి అమ్ముకోవడానికీ వీలు లేకపోయింది. షెడ్డు వెనుక తుమ్మచెట్టు కింద ఉంటే దాని సీట్లలో కోళ్లు గుడ్లు పెట్టేవి. చెలక విడిపించుకోవడానికి బావ ఎంత కష్టపడ్డాడో మీ అమ్మను అడుగు. కాదులే, అడగకు.

ఆ మొహమాటం నీకూ వచ్చింది. హోటల్లో చల్లారిన కూర తెచ్చినా తిని వచ్చే పిల్లవు నువ్వు.

ముందు ఆర్సీ తీసి చూడు. మీ ఆఫీసు పేరున ఉందా, లీజు సంస్థ పేరున ఉందా? లీజు గానీ బ్యాంకు అప్పు గానీ అందులో నమోదై ఉంటే దాన్ని కొట్టివేయడానికి ఫారం 35 కావాలి. అమ్మకానికి ఫారం 29, ఫారం 30. నీది బెంగళూరు రిజిస్ట్రేషను కాబట్టి అక్కడి ఆర్టీఓ నుంచి నిరభ్యంతర పత్రం, అంటే ఫారం 28 కూడా. ఇక్కడ తెలంగాణలో మళ్లీ లైఫ్ ట్యాక్స్, అంటే బండికి ఒకేసారి కట్టే జీవితకాలపు పన్ను, కట్టాలి. అది చిన్న మొత్తమేమీ కాదు, కారు ధరతో పాటే లెక్కవేసుకో. కర్ణాటకలో కట్టినదాంట్లో మిగిలిన కాలానికి వాపసు అడగవచ్చు గానీ, ఆ డబ్బును నమ్ముకుని ఇప్పుడు చేతిలోది ఖర్చు పెట్టకు.

ముందు డబ్బు కట్టండి, సంతకాలు తర్వాత అంటారు. వాళ్ల పద్ధతి అది. అలాంటప్పుడు ధర ఎంతో, సంతకాలు చేసిన ఫారాలు ఏ తేదీకి ఇస్తారో రాతపూర్వకంగా తెప్పించుకో. పాత చలానాలు ఎవరు కట్టాలో కూడా అందులోనే రాయించు. ఇందులో నువ్వు బతిమాలుకునేది ఏమీ లేదు. బండి అమ్మేశాక ప్రమాదం జరిగినా, పేరు మారకపోతే ఆర్సీలో పేరున్నవాళ్లే పరిహారానికి బాధ్యులని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. పేరు మారడం వాళ్లకూ అవసరమే.

కారు నీదైన 14 రోజుల్లోపు బీమా నీ పేరున మార్చమని దరఖాస్తు పెట్టు. క్లెయిము లేనందుకు వచ్చే తగ్గింపు మామూలుగా పాత యజమానిదే, నీకు రాకపోవచ్చు. ఆ తేడా చూసి ఏజెంటుతో గొడవపడకు.

నిన్ను తిట్టినట్టు ఉంటే ఏమీ అనుకోకు. లైఫ్ ట్యాక్స్‌కు డబ్బు తక్కువైతే ఆ క్రెడిట్ కార్డు గీకవద్దు, అమ్మకు చెప్పవద్దు. బత్తాయి తోట డబ్బులు వచ్చాయి, నాకు ఫోను చెయ్యి. అత్తయ్యకు నేను చెప్పుకుంటాను.

మీ మామయ్య