వాళ్లు నవ్వుతుంటే నేను ఊరుకున్నాను, ఇప్పుడు అతను నాతో మాట్లాడట్లేదు

ప్రశ్న: అక్కా, నాకు 29 ఏళ్లు. హనుమకొండలో ప్రైవేటు జాబ్. నేను గే, ఇంట్లో తెలియదు. ఆదివారం సాయంత్రం నక్కలగుట్టలో ఒక అన్న రూమ్‌లో ఏడెనిమిది మందిమి కలుస్తాం, ఈ ఊళ్లో మేం మాలాగా ఉండేది అక్కడే. నాతో రెండేళ్లుగా ఉంటున్న అబ్బాయిది గోదావరిఖని. వాళ్ల నాన్న సింగరేణిలో భూగర్భ గనిలో పనిచేసి రిటైరయ్యారు. మాదిగ కుటుంబం. మనిషి నలుపు. రూమ్ అన్న అమెరికాలో ఎంఎస్ చేసొచ్చాడు, అక్కడ తనను "నో ఇండియన్స్" అని ఎట్లా దూరం పెట్టారో ఇప్పటికీ బాధపడుతూ చెప్తాడు. కానీ మావాణ్ణి మాత్రం "బొగ్గు" అంటాడు. ఫోటో తీస్తుంటే "లైటు కిందికి జరుగు, పళ్లొక్కటే పడుతున్నయ్" అంటాడు, అందరూ నవ్వుతారు. మొదట్లో మావాడూ నవ్వేవాడు. పోయిన నెల ఒకడు "మీరేమిట్లోళ్లు?" అని కులం అడిగాడు, చెప్పగానే "చూస్తేనే తెలుస్తుందిలే" అన్నాడు. మావాడు ఏమీ అనలేదు. తాగిన గ్లాసు తనే కడిగి బోర్లించి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు, నాతో కూడా ముభావంగా ఉంటున్నాడు. అన్నను అడిగితే "జోక్‌రా, ఎవరి టేస్ట్ వాళ్లది" అన్నాడు. గట్టిగా నిలదీస్తే మా సంగతి ఇంట్లో చెప్తారేమోనని భయం. ఏం చేయాలి?

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరంలో ఆ గ్లాసు సంగతి దగ్గర ఆగిపోయాను. మిగతా వాళ్ల గ్లాసులు ఎక్కడివక్కడే ఉండి ఉంటాయి కదా, ఆదివారం పూట ఫ్రెండ్ రూమ్‌లో ఎవరు కడుగుతారు. అతనొక్కడే లేచి కడిగాడు. మన ఊళ్లలో చాయ్ హోటళ్లలో మాల మాదిగలకు వేరే గ్లాసులు పెట్టడం, తాగినవాళ్లే కడిగి పక్కన పెట్టి పోవడం ఎక్కడో పాత పుస్తకంలోని సంగతి కాదు, చూసినవాళ్లు, పడ్డవాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు. అతని మనసులో ఏముందో నేను చెప్పలేను, అది అతనే చెప్పాలి. కానీ "చూస్తేనే తెలుస్తుందిలే" అన్న మాట తర్వాత ఒక మనిషి తన ఎంగిలి గ్లాసు తనే కడిగి వెళ్లాడంటే, ఆ రూమ్ తన రూమ్ కాదని అతనికి తెలిసిపోయింది. నువ్వు అక్కడే కూర్చున్నావు. అందుకే నీతో కూడా మాట్లాడట్లేదు.

నిన్ను తిట్టడానికి చెప్పట్లేదు. నువ్వు అడిగింది అన్నను ఎట్లా నిలదీయాలని, నేను మాత్రం ముందు మీవాడి దగ్గరికి వెళ్లు అంటాను. వెళ్లి "వాళ్ల ఉద్దేశం అది కాదు", "అన్న మంచోడే" లాంటి మాటలు ఒక్కటి కూడా అనకు, అవి విన్నాడంటే నువ్వు వాళ్ల తరఫున రాయబారానికి వచ్చావనుకుంటాడు. "ఆ రోజు నేను నోరు మూసుకుని కూర్చున్నాను, తప్పు నాది" అను, అని ఆగు. అతను కోపంగా ఏదైనా అంటే పడు. ఏడాది కిందటివి తవ్వి తీసినా, నీకు గుర్తులేనివి చెప్పినా, "అట్లా ఎప్పుడన్నారు?" అని ఎదురు ప్రశ్న వేయకు, ఎందుకంటే నవ్వినవాళ్లు మరిచిపోతారు గానీ పడ్డవాడికి తేదీతో సహా గుర్తుంటుంది. తర్వాత అడుగు, నేను వాళ్లతో మాట్లాడాలా, వద్దా, మాట్లాడితే ఏం చెప్పాలి అని. అతనికి చెప్పకుండా వెళ్లి నువ్వు గొడవ పెట్టుకున్నావనుకో, అతని రంగు, అతని కులం మీద మీరందరూ కలిసి ఇంకో పంచాయితీ పెట్టినట్టే అవుతుంది.

మొదట్లో అతనూ నవ్వాడు కాబట్టి అప్పుడు బాధ లేదేమో అనుకుంటున్నావా? ఊరంతటికీ దాక్కుని బతికే మనిషికి వారానికి ఒక్క సాయంత్రం తలుపు తెరిచే చోటు అదొక్కటే అయితే, ఆ చోటు పోగొట్టుకోవద్దని ఎవరైనా నవ్వుతారు.

ఇక మీ అన్న. అతనికి ఈ విషయం తెలియక కాదు, నీకంటే బాగా తెలుసు. అమెరికాలో గేల మధ్యనే ఈ గొడవ ఏళ్లుగా నడుస్తోంది. ఫిలడెల్ఫియాలో గే బార్లు నల్లవాళ్లను చిన్నచూపు చూస్తున్నాయని పెద్ద గొడవై, 2017లో అక్కడ గేల గుర్తుగా ఎగరేసే ఇంద్రధనుస్సు జెండాకు నలుపు, గోధుమ రంగు పట్టీలు అదనంగా కలిపారు, దాన్ని కూడా "జెండా పాడుచేస్తారా" అని తప్పుపట్టిన గేలు ఉన్నారు. గేలు పరిచయాలకు వాడే గ్రైండర్ యాప్‌లో జాతిని బట్టి మనుషుల్ని వడపోసే ఫిల్టర్ ఉండేది, ఎన్నో ఏళ్ల విమర్శ తర్వాత 2020 జూన్‌లో తీసేస్తామన్నారు. అక్కడ "నో ఇండియన్స్" అని రాసినవాళ్లు చెప్పిన సమాధానం కూడా ఇదే, ఎవరి టేస్ట్ వాళ్లది. ఆ మాట విని కుమిలిపోయిన మనిషే ఇక్కడికొచ్చి అదే మాట మీవాడి మీద వాడుతున్నాడు. అతన్ని ఇరుకున పెట్టడానికి కాదు గానీ, అతనితో మాట్లాడటానికి నీకున్న దారి ఇదే.

టేస్ట్ మాటకు సమాధానం నీకు తెలిసుండాలి. ఎవరు ఎవర్ని ఇష్టపడాలో ఇంకొకరు చెప్పలేరు, నిజమే. కానీ మీ అన్నను మీవాడితో ప్రేమలో పడమని ఎవరూ అడగలేదు కదా. తన రూమ్‌లో కూర్చున్న మనిషికి మర్యాద ఇవ్వమన్నాం, అంతే. బొగ్గు అనడం టేస్ట్ ఎట్లా అవుతుంది? వాళ్ల నాన్న ఏళ్ల తరబడి బొగ్గు తవ్వి ఆ పిల్లాణ్ణి చదివించాడు, ఆ పేరుతోనే వెక్కిరిస్తే ఎక్కడ తగులుతుందో ఆలోచించమను. కులం అడిగి, విని, "తెలుస్తుందిలే" అనడంలో టేస్ట్ ఏముంది? (పెళ్లి సంబంధాల్లో "తెల్లని అమ్మాయి, ఫలానా కులం" అని అడిగే పెద్దవాళ్లను మీరంతా తిడుతూనే ఉంటారు, అవునా?)

వాట్సాప్‌లో మాత్రం పెట్టకు, స్క్రీన్‌షాట్లు తిరుగుతాయి, పైగా అందరి ముందు పరువు పోయిందని అతను మొండికేస్తాడు. ఒక్కణ్ణే వడ్డేపల్లి చెరువు కట్ట మీదికి నడుద్దాం రమ్మను. చిన్నగా చెప్పు: "అన్నా, నీకు అక్కడ ఎట్లా అనిపించిందో మాకు చెప్పినవ్. వాడికి ఇక్కడ అట్లనే అనిపిస్తుంది. ఇకమీదట ఆ పేరుతో పిలవొద్దు, ఎవరైనా కులం ఎత్తితే నువ్వే ఆపాలె, రూమ్ నీది." సారీ చెప్పమని పట్టుపట్టకు, చెప్తే మీవాడికే చెప్పాలి, నీకు కాదు. ఇంత చెప్పాక మళ్లీ ఎవరైనా అంటే ఆ క్షణంలోనే "ఇది జోక్ కాదు" అని లేచి వచ్చేయ్. ఆ ఏడెనిమిది మందిలో నవ్వలేక నవ్వినవాళ్లు ఒకరిద్దరు తప్పకుండా ఉంటారు. వాళ్లతో ముందే ఒక మాట అనుకుని ఉంటే ఆ రోజు నువ్వు ఒంటరివి కావు.

భయం గురించి. అది ఉత్త భయం కాదు, ఇట్లాంటి గొడవల్లో కోపంతో ఇంటికి ఫోన్ చేసేవాళ్లు ఉంటారు. కాబట్టి అన్నతో మాట్లాడే ముందే మీ ఇద్దరి ఫోటోలు, మెసేజ్‌లు ఎవరి ఫోన్లలో ఉన్నాయో చూసుకో, ఇంట్లో తెలిస్తే ఆ రాత్రి ఎక్కడ ఉండాలో ఒక నమ్మకమైన మనిషితో అనుకుని పెట్టుకో. పోలీసుల పేరు చెప్పి బెదిరిస్తే బెదరకు, మేజరైన ఇద్దరు మగవాళ్లు ఇష్టపడి కలిసుండటం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న తేల్చేసింది. బయటపెడతామని బెదిరించి డబ్బు గుంజితే మాత్రం నేరం వాళ్లదే. కులం పేరుతో తిట్టారని ఎస్సీ, ఎస్టీ చట్టం కింద వెళ్లాలా అంటే, ఆ నిర్ణయం అతనిది, నీది కాదు. నలుగురి ఎదుట జరిగిందా, గది లోపల జరిగిందా అన్నది ఆ చట్టంలో ముఖ్యం, కేసు పెడితే మీ సంగతి బయటికి రావచ్చు కూడా. అందుకని ముందు లాయర్‌ను అడగండి. ఎస్సీలకు ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా లాయర్ దొరుకుతారు, ఫోన్ 15100. నిద్ర పట్టకపోయినా, మనసు మరీ కుంగినా టెలి మానస్ 14416కి చేయండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు.

రూమ్ పోతే? పోవచ్చు, అది చిన్న నష్టం కాదని నాకు తెలుసు. అయినా మీవాడికి ఆ రూమ్ ఎప్పుడో పోయింది, ఇప్పుడు నీకు ఉన్నది అతను లేని రూమ్. దళిత గేలు, ట్రాన్స్ మనుషులు దేశంలో చాలా చోట్ల తమ కులం దాచకుండా మాట్లాడుతున్నారు, 2015లో ఢిల్లీలో గేలు, ట్రాన్స్ మనుషులు చేసే ప్రైడ్ ఊరేగింపులో అట్లా నిలబడి చెప్పినవాళ్లు ఉన్నారు. కాజీపేటలో రైలెక్కితే హైదరాబాద్ ఎంత దూరం, అక్కడ వెతికితే అతనికి తనలాంటి వాళ్లు దొరుకుతారు. అతను ఒంటరిగా వెళ్తానంటే ఆపకు, తోడు రమ్మంటే వెళ్లు.

ఈ ఆదివారం నక్కలగుట్టకు వెళ్లకు. అతని దగ్గరికి వెళ్లు. అన్నతో మాట్లాడటం అతను సరే అన్నాకే.