కింది మబ్బు తూర్పుకు, పై మబ్బు పడమటికి

ప్రశ్న: ఈ శ్రావణమాసంలో మా అమ్మాయి మేడ మీద ఫోను నిలబెట్టి, గంటసేపటి ఆకాశాన్ని 12 సెకన్లలో చూపే టైమ్‌లాప్స్ వీడియో తీసింది. అందులో కింది నల్లమబ్బులు పడమటి నుంచి తూర్పుకు పరుగెడుతుంటే, వాటి సందుల్లోంచి కనబడే పలుచని తెల్లమబ్బులు తూర్పు నుంచి పడమటికి నెమ్మదిగా జరుగుతున్నాయి. ఇది కెమెరా చేసిన మాయా? ఇంకొక సందేహం: ఆ రాత్రి ఉపగ్రహం తీసిన వీడియోలో మా జిల్లా అంతా తెల్లగా కప్పుకుపోయి కనిపించినా, మా ఊళ్లో చినుకైనా పడలేదు. కారణమేమిటి?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మాయ కాదండీ. మీ అమ్మాయి కెమెరాకు చిక్కినవి ఒకదానిపై ఒకటిగా, ఎదురెదురు దిక్కుల్లో వీచే రెండు నిజమైన గాలులు. నైరుతి రుతుపవనాల కాలంలో మన తీరం మీద కింది కొన్ని కిలోమీటర్ల మేర గాలి ఎక్కువగా పడమర, నైరుతి దిక్కుల నుంచి వీస్తుంది. వాన తెచ్చే నల్లమబ్బులు దాని వెంట పోతాయి. అదే వేళ సుమారు 14 కిలోమీటర్ల ఎత్తున గాలి తూర్పు నుంచి పడమటికి ఉరుకుతుంది. వేసవిలో టిబెట్ పీఠభూమి, దాని పరిసరాలు బాగా వేడెక్కడం వల్ల అక్కడి పై ఆకాశంలో అధిక పీడనం ఏర్పడుతుంది, దాని దక్షిణపు అంచు వెంట సాగే ప్రవాహమే ఇది. దీనిని ఉష్ణమండల తూర్పు జెట్ అంటారు. భారత వాతావరణ శాఖకు చెందిన శాస్త్రవేత్త పి. కోటేశ్వరం 1958లో దీని గురించి ప్రచురించిన పరిశోధన ఇప్పటికీ ఈ విషయానికి పునాది.

పై మబ్బులు నెమ్మదిగా జరుగుతున్నాయని మీరు రాశారు. పొరపడడానికి ఎక్కువ అవకాశం ఉన్నది ఇక్కడే. కిలోమీటరు ఎత్తున గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే మబ్బును, 14 కిలోమీటర్ల ఎత్తున 110 కిలోమీటర్ల వేగంతో పోయే మబ్బును నడినెత్తిన చూస్తే, దగ్గరగా ఉన్నందువల్ల మొదటిదే దాదాపు అయిదు రెట్లు వేగంగా పోతున్నట్టు కంటికి తోస్తుంది. రైలు కిటికీలోంచి చూసినప్పుడు పక్కనున్న తాటిచెట్లు గిర్రున వెనక్కి పోతూ, దూరపు కొండలు కదలనట్టు ఉండడం వంటిదే ఇది. కాబట్టి మబ్బు ఎంత ఎత్తున ఉందో తెలియకుండా దాని పరుగును బట్టి గాలి వేగాన్ని చెప్పలేం. దిక్కును మాత్రం చెప్పవచ్చు, అదీ జాగ్రత్తగా. ఫోనును నడినెత్తికి గురిపెట్టి, తెర పైభాగాన్ని ఉత్తరానికి ఉంచితే, పటాల్లో మాదిరిగా కాక తూర్పు ఎడమవైపు పడుతుంది. తలెత్తి చూస్తున్నామన్న సంగతి మరచి, దిక్కులు తారుమారు చేసుకున్నవారిని నేను చాలామందిని చూశాను. చెట్టు కొమ్మో, మేడ అంచో వీడియోలో ఒక మూలకు కనబడేలా పెట్టుకుంటే దిక్కు తప్పదు.

ఇక రెండో సందేహం. మీరు చూసినలాంటి వీడియోలకు చిత్రాలు తీసే వాతావరణ ఉపగ్రహాలు భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తులో, భూమితో సమానంగా తిరుగుతూ ఎప్పుడూ ఒకే ప్రాంతాన్ని చూస్తుంటాయి. 2024 ఫిబ్రవరి 17న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఇన్‌శాట్-3డీఎస్ ఈ కోవలోనిదే. ఇలాంటి ఉపగ్రహం అరగంటకొకటి చొప్పున తీసే చిత్రాలను వరుసగా కూర్చితే వీడియో అవుతుంది. రాత్రివేళ సూర్యకాంతి ఉండదు కనుక, ఆ చిత్రాలను మబ్బుల నుంచి వెలువడే పరారుణ కిరణాలతో తీస్తారు. వాటిలో తెలుపుకు అర్థం వాన కాదు, చలి. మబ్బు పైభాగం ఎంత చల్లగా ఉంటే, అంటే ఎంత ఎత్తున ఉంటే, అంత తెల్లగా కనబడుతుంది. బంగాళాఖాతంలో ఉరుములతో పెరిగిన మేఘం నెత్తిన పరుచుకునే మంచు పలుకుల మబ్బును మీ అమ్మాయి చూసిన ఆ తూర్పు జెట్టే పడమటికి లాక్కుపోతుంది. వాన సముద్రంలో పడిపోతుంది, తెల్లని దుప్పటి మాత్రం మీ జిల్లా మీదికి వస్తుంది. ఆ రాత్రి జరిగింది ఇదే కావచ్చు. దుప్పటి కింద వానమబ్బు ఉందో లేదో తేల్చుకోవాలంటే వాన చుక్కలనే పసిగట్టే డాప్లర్ రాడార్ చిత్రాన్ని చూడాలి. మీకు దగ్గరలో విశాఖపట్నంలో అలాంటి రాడార్ ఉంది.

వాతావరణ శాస్త్రవేత్తలు ఉపగ్రహ చిత్రాల నుంచి గాలిని లెక్కగట్టేదీ మబ్బుల కదలికను, ఎత్తును బట్టే. ఒక మబ్బు తునక అరగంటలో 30 కిలోమీటర్లు జరిగితే అక్కడి గాలి గంటకు 60 కిలోమీటర్లు. ఆ మబ్బు ఎంత చల్లగా ఉందో చూసి దాని ఎత్తును నిర్ణయిస్తారు. అయితే తూర్పు కనుమల మీద మధ్యాహ్నం పుట్టే మబ్బులతో ఈ లెక్క కుదరదు. గాలి కొండనెక్కే చోట మబ్బు పుడుతూ, దిగే చోట కరుగుతూ ఉంటుంది గనుక, గాలి సాగిపోతున్నా మబ్బు అక్కడే నిలిచినట్టు కనబడుతుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ వంటి తుపానుల్లోనూ రెండు అంతస్తులు ఉంటాయి. కింది మబ్బులు గడియారపు ముల్లుకు ఎదురుగా తిరుగుతూ కేంద్రం వైపు లోపలికి చేరుతుంటే, అన్నిటికన్నా పైనున్న పలుచని మబ్బులు ముల్లు తిరిగే వైపుగా వంగుతూ బయటికి విచ్చుకుంటాయి.

మీ అమ్మాయిని సంక్రాంతి సెలవుల్లో అదే మేడ మీద, ఫోను అదే తీరున నిలిపి మరొక వీడియో తీయమనండి. అప్పటికి తూర్పు జెట్ ఉండదు; పై ఆకాశంలో పడమటి గాలి, కింద ఈశాన్యపు గాలి ఉంటాయి. రెండు అంతస్తుల్లోనూ మబ్బులు ఉన్న రోజు దొరికితే, శ్రావణంలో చూసిన దిక్కులు తలకిందులై కనబడతాయి.