ఒంటరిగా మొదలుపెట్టిన వాకింగ్ వారానికే ఆగిపోతుంది. నలుగురితో అయితే ఎందుకు సాగుతుంది?

మనకోసం ఎదురుచూసే మనిషి ఉంటారు కాబట్టి. అలారం ఆపేసి మళ్లీ పడుకోవచ్చు గానీ, గేటు దగ్గర పక్కింటి పిన్నిగారు బూట్లేసుకుని నిలబడితే పడుకోలేం కదా!

లండన్‌లోని బుషీ పార్కులో 2004లో 13 మందితో మొదలైన పార్క్‌రన్ చూడండి. ప్రతి శనివారం పొద్దున అందరూ కలిసి 5 కిలోమీటర్లు నడవడమో, పరుగెత్తడమో. ఫీజు లేదు, పరుగెత్తి తీరాలన్న రూలూ లేదు. అందరికంటే వెనక ఒక వాలంటీర్ నడుస్తారు, ఆఖరి స్థానం ఎప్పుడూ వాళ్లదే. 'లాస్ట్ వస్తే నవ్వుతారేమో' అన్న టెన్షన్ దాంతోనే సగం పోతుంది. నాకు బాగా నచ్చింది ఇదే.

4 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఆదివారం విడిగా 2 కిలోమీటర్లు ఉంటుంది, అమ్మానాన్నలూ పక్కన నడవచ్చు. మోకాళ్లు సహకరించని తాతగారు స్టాప్‌వాచ్ పట్టుకుని వాలంటీరుగా నిలబడొచ్చు.