ఏడో తరగతి పిల్లాడికి కాలిక్యులేటర్ మానిపించాలా?

మీ అబ్బాయి ఏడో తరగతి హోంవర్కుకే ఫోన్‌లో కాలిక్యులేటర్ తీస్తున్నాడు, మానిపించాలా, అసలు ఈ రోజుల్లో ఎక్కాలు దేనికి అని అడిగారు. నేను పాలిటెక్నిక్‌లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. పిల్లలకు ఎక్కాలు రాకపోతే నాకంత టెన్షన్ ఉండేది కాదు. వచ్చిన జవాబు ఉండాల్సినంత ఉందా లేదా అని చూసుకోకపోతేనే ఒళ్లు మండేది.

మా నాన్నగారి తరానికి పావు, అర, ముప్పావు ఎక్కాలు కూడా నోటికొచ్చేవి. 1957 దాకా రూపాయికి పదహారణాలు కదా, అవి రాకపోతే కొట్లో చిల్లర తేలేది కాదు. మా తరానికి లాగ్ టేబుల్స్, అంటే హెచ్చవేతను కూడికగా మార్చేసే సంఖ్యల పట్టికలు. 47.3ని 0.00682తో హెచ్చించాలనుకోండి. టేబుల్ 3226 అని అంకెలు మాత్రం ఇస్తుంది, చుక్క ఎక్కడ పెట్టాలో మనమే తేల్చుకోవాలి. మొదటిదాని క్యారెక్టరిస్టిక్ (లాగ్‌లో చుక్కకు ముందుండే భాగం) ఒకటి, రెండోదానిది బార్ మూడు, అంటే మైనస్ మూడు, మాంటిస్సాలు (చుక్క తర్వాతి భాగాలు) కూడితే చేతికొచ్చేది ఇంకో ఒకటి. మొత్తం బార్ ఒకటి, అంటే 0.3226. ఇంజనీర్లు వాడిన స్లైడ్ రూల్‌ (జరుపుతూ లెక్క కట్టే స్కేలు) కూడా అంతే, చుక్క పెట్టదు. విసుగు పుట్టించే పని, మళ్లీ రావాలని నేనైతే కోరుకోను. కానీ జవాబు సుమారుగా ఎంతో తెలియకుండా అందులో ముందుకెళ్లడం కుదిరేది కాదు.

సైంటిఫిక్ కాలిక్యులేటర్ చుక్కతో సహా ఇచ్చేస్తుంది. దాంతో ఆ ఆలోచనే పోయింది. సైన్ 30 డిగ్రీలు అంటే అర. మెషీన్ డిగ్రీలకు బదులు రేడియన్లనే వేరే కోణమానం మోడ్‌లో ఉంటే −0.988 చూపిస్తుంది. అది చూసి కూడా అనుమానం రాక, ఆ సైన్‌తో కట్టిన త్రిభుజ వైశాల్యాన్ని మైనస్‌లో రాసి, కింద రెండు గీతలు కొట్టి పేపర్ ఇచ్చేసినవాళ్లు నా క్లాసుల్లో ఏటా ఉండేవారు.

అందుకని లాక్కోకండి, ఒక షరతు పెట్టండి. బటన్ నొక్కే ముందు జవాబు సుమారుగా ఎంతో నోటితో చెప్పాలి. 398 × 21 అంటే 'ఎనిమిది వేల పైన' అనాలి. అలా అనాలంటే నాలుగు రెళ్లు ఎనిమిది రావాలి కదా, ఎక్కాల అవసరం అక్కడుంది. ఇరవయ్యో ఎక్కం దాకా బట్టీ పట్టించక్కర్లేదని నా అభిప్రాయం, పదిదాకా గట్టిగా వస్తే చాలు.

పరీక్షల సంగతి కూడా చూసుకోండి. ఈఏపీసెట్‌, జేఈఈ మెయిన్‌లకు కాలిక్యులేటర్ రానివ్వరు. ఇంజనీరింగ్ పీజీకి రాసే గేట్‌లో స్క్రీన్ మీదే ఇస్తారు. అమెరికాలో కాలేజీ ప్రవేశానికి రాసే ఎస్‌ఏటీకి 1994 నుంచే అనుమతి ఉంది, ఇప్పుడు డిజిటల్ పరీక్షలో గ్రాఫులు గీసే డెస్మోస్ కూడా అందులోనే ఉంటుంది. అక్కడున్న మా మనవరాలు సమీకరణం టైప్ చేసి, గీతలు కలిసే చోటు చూసి జవాబు పెట్టేస్తుంది. మీవాడు ఇక్కడే ఇంటర్ చదివేటట్టయితే పదో తరగతి దాకా పెన్నుతోనే ఎక్కువ చేయించండి. మెషీన్ వాడకం తర్వాత వారంలో వచ్చేస్తుంది.